వేడిగదిలో చచ్చినవి ఏ కోళ్లు?

“చెప్పులు అక్కడండి. ఫోను ఈ ట్రేలో. కాళ్లు ఇందులో ముంచి రండి.”

మేనేజరు మన్మథరావు ఒక్కొక్క మాటకీ ఒక్కొక్క చోటు వేలితో చూపించాడు. రోజారమణి చెప్పులు విడిచింది. ఫోను ఎర్ర ప్లాస్టిక్ ట్రేలో పెట్టింది. గుమ్మం ముందున్న తొట్టెలో ఊదారంగు మందునీళ్లలో పాదాలు ముంచింది. కోళ్లకి బయటి రోగం అంటకుండా ఫారాల్లో పాటించే పద్ధతి ఆమెకి కొత్తది కాదు. డిటెక్టివ్ ఆఫీసు తెరవక ముందు విశాఖపట్నంలో పశువైద్య ప్రయోగశాలలో ఇరవై ఏళ్లు పనిచేసింది. అయినా ఫోను వదిలిపెడుతుంటే మనసెందుకో పీకింది.

“లోపల బతికున్న కోడి ఒక్కటి కూడా లేదు. ఇంకా ఎందుకండీ ఈ మడి?” అంది.

“డాక్టరుగారి రూలండి. కోళ్లు పోయినా రూలు పోదు.”

మంగళవారం మధ్యాహ్నం ఈ గదిలో కోళ్లు చచ్చాయి. అదే మధ్యాహ్నం నుంచి వాటిని చూసుకునే కొండన్న కనబడలేదు. ఇవాళ గురువారం. నర్సీపట్నం నుంచి మాకవరపాలెం వెళ్లే రోడ్డు పక్కనున్న ఈ ఫారం యజమాని డాక్టర్ జగదీశ్వరరావు హైదరాబాద్ నుంచి సాయంత్రానికి దిగుతున్నాడు. దిగగానే నేరుగా పోలీసు స్టేషనుకి వెళ్లి, కొండన్న వేడి ఎక్కువ పెట్టి కోళ్లని చంపి పారిపోయాడని రాసిస్తానని రోజారమణికి ఫోనులో చెప్పేశాడు. ఆ కాగితం పడిందంటే కొండన్న ఎక్కడ కనబడినా దొంగే. అతని మాట వినేవాడుండడు.

అందుకే కొండన్న భార్య రాజులమ్మ తెల్లారి మొదటి బస్సుకి కొండ దిగి వచ్చి రోజారమణి ఆఫీసు మెట్ల మీద కూర్చుంది. ఇప్పుడు ఈ గది బయట వరండాలో, గోడకి వీపు ఆనించి, మోకాళ్ల చుట్టూ చేతులు బిగించి కూర్చునుంది. “ఆయన సెప్పకుండా ఎక్కడికీ ఎల్లడమ్మా” అన్న ఒక్క మాటే పొద్దుటి నుంచి అంటోంది. చెప్పకుండా వెళ్లిపోయిన మనుషుల గురించి రోజారమణికి బాగా తెలుసు. వాళ్ల ఇంటివాళ్లు మొదట అనే మాట అదే. ఆ సంగతి రాజులమ్మకి చెప్పలేదు.

వేడిగది చిన్నది. కిటికీలు లేవు. మందపాటి ఇనుప తలుపు, ఆ తలుపులో పళ్లెమంత గుండ్రటి అద్దం. లోపల వరసగా మూడు ఇనుప జాలీలు. నెత్తిన హీటరు. గోడకి వేడి ఎంతుందో చూపించే పెద్ద వేడిముల్లు. కడిగేసిన నేల నుంచి ఫినాయిలు వాసన.

“ఈ గది దేనికో మీ నోటితో చెప్పండి” అంది రోజారమణి.

“మీకు తెలిసిందే కదండీ.”

“మీరు చెప్తే వినాలని.”

మన్మథరావు మెడ చుట్టూ ఉన్న తువ్వాలు సర్దుకున్నాడు. “ఎండ దెబ్బకి ఏ కోడి ఎంతవరకూ ఆగుతుందో చూడ్డానికండి. మొదటి జాలీలో తెల్ల బ్రాయిలర్లు. రెండో జాలీలో మామూలు కొండకోళ్లు. మూడో జాలీలో బోడిమెడ కోళ్లు.”

“రెండో జాలీకీ మూడో జాలీకీ చుట్టరికం ఏమిటి?”

“అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లండి. తండ్రి బోడిమెడ పుంజు, తల్లులు మామూలు ఈకల పెట్టలు. రాజులమ్మ ఇంటి పెట్టలే. పిల్లల్లో సగానికి బోడిమెడ వచ్చింది, సగానికి రాలేదు. వచ్చినవి అటు, రానివి ఇటు. ఆ ఒక్క గుణం వల్ల వేడిలో ఎంత తేడా వస్తుందో చూడాలని డాక్టరుగారి తాపత్రయమండి.”

“తేడా వచ్చిందా?”

“వచ్చిందండి. మూడుసార్లు పరీక్ష పెట్టాం. వేడి పెరిగేకొద్దీ ముందు బ్రాయిలర్లు నోళ్లు తెరుస్తాయండి. రెక్కలు ఒంటికి ఎడంగా పెట్టి రొప్పుతాయి. తర్వాత మామూలు కొండవి. బోడిమెడవి మాత్రం...” అని ఆగాడు.

“బోడిమెడవి మాత్రం?”

“దాణా తింటూనే ఉంటాయండి.”

కోడికి చెమట పట్టదు. ఒంట్లో వేడి నోటి ఆవిరిగా పోవాలి, లేదా ఈకలు లేని చోటు నుంచి పోవాలి. బోడిమెడ గుణం ఉన్న కోడికి మెడ మీదే కాదు, ఒళ్లంతా ఈకలు తక్కువ. బ్రాయిలరుకి పైన దుప్పటి, లోపల పొయ్యి. తొందరగా బరువు పెరగడానికి పుట్టిన ఒళ్లు ఊరుకున్నా వేడి పుట్టిస్తూనే ఉంటుంది. ఏటికేడు ఎండలు ముదురుతున్నాయి. ఫ్యాన్లు లేని షెడ్డులో మే నెల దాటే కోడి ఎవరి దగ్గరుంటే వాళ్ల ఇంటి ముందు కోళ్ల కంపెనీలు బారులు తీరతాయి. ఈ గదిలో ఉన్నది కూర కోళ్లు కావు. డాక్టరు పదేళ్ల కష్టం.

“మంగళవారం?” అంది.

“పదకొండింటికి హీటరు ముప్పై ఎనిమిది మీద పెట్టి, కొండన్నకి అప్పజెప్పి, దాణా లారీ కోసం నక్కపల్లి వెళ్లానండి. నాలుగింటికి వచ్చేసరికి నలభై ఆరు చూపిస్తోంది. కొండన్న లేడు. బ్రాయిలర్లు మొత్తం పోయాయి. కొండకోళ్లు సగం పోయాయి, సగం బతికితే వేరే షెడ్డులోకి మార్చాం. బోడిమెడవి మొత్తం పోయాయండి. ఒక్కటి కూడా దక్కలేదు.”

రోజారమణి మూడో జాలీ దగ్గరికి వెళ్లి పైకి చూసింది.

“హీటరు ఈ మూడో జాలీకి దగ్గరగా ఉందేమో?”

“అదేనండీ!” మన్మథరావు గొంతులోకి ప్రాణం వచ్చింది. “నేనూ అదే అనుకున్నాను. పాపం వీటి మీదకే కొట్టేసిందండి.”

“హీటరు ఉన్నది ఆ చివర, బ్రాయిలర్ల నెత్తిన. ఇక్కడ ఉన్నది గాలి తిప్పే ఫ్యాను.”

అతను పైకి చూశాడు. రోజూ చూసే కప్పుని మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

“కంగారులో ఏదో అన్నానండి.”

“కంగారు ఎందుకు? దొంగ కొండన్న కదా.” ఆమె మెల్లగా అతని వైపు తిరిగింది. “ఒకే తండ్రి పిల్లలు. ఈకల దుప్పటి కప్పుకున్నవి సగం బతికాయి. దుప్పటి లేనివి మొత్తం చచ్చాయి. మీరు మూడు పరీక్షలు చూసినవారు. ఇది ఎలా కుదురుతుందో చెప్పండి.”

“కోళ్ల సంగతి ఎవరు చెప్పగలరండి.”

“చచ్చినవాటిని చూపించండి.”

“గొయ్యి తీసి సున్నం జల్లి పూడ్చేశామండి.”

“అన్నీనా? పోస్టుమార్టానికి రెండు ఉంచమన్నానని డాక్టరుగారు నాతో ఫోనులో చెప్పారే.”

మన్మథరావు ఆఫీసు గదిలోని ఫ్రీజరు నుంచి ఒక పాలిథిన్ సంచీ తెచ్చి వరండాలో బల్ల మీద పెట్టాడు. కోళ్లు పోయిన దగ్గర్నుంచి పనివాళ్లందరినీ ఇళ్లకి పంపేశారు. ఫారంలో ఉన్నది ముగ్గురే. అంత పెద్ద ఆవరణలో సంచీ చప్పుడు గట్టిగా వినబడింది.

రాజులమ్మ లేచి వచ్చి నిలబడింది.

రోజారమణి మొదటి కోడిని బయటికి తీసింది. పుంజు. మెడ ఎర్రగా, నున్నగా, ఒక్క ఈక లేకుండా ఉంది. కళ్లకైతే అచ్చం బోడిమెడే. ఆమె కళ్లు మూసుకుని చూపుడువేలు మెడ మీద కింది నుంచి పైకి నడిపింది. గరుకు తగిలింది. వరసలు వరసలుగా సూదిపొడుపుల్లాంటి గుంటలు. కొన్ని గుంటల్లోంచి నువ్వుగింజ మొనంత ఈక మొలకలు తోసుకొస్తున్నాయి.

పుట్టుకతో బోడిమెడ అయితే ఆ చోట ఈక మొలిచే గుంటలే ఉండవు. వేలికి చెవితమ్మెలా తగలాలి.

కాళ్లు చూసింది. పరీక్షలోని కోళ్లలా ఏడాది నిండిన పుంజుకి కాలి ముల్లు బొటనవేలి గోరంతైనా ఉండాలి. దీనికి చిన్న బొడిపె ఉంది, అంతే. రొమ్ము నొక్కింది. మెత్తగా బలిసిన మాంసం. రెక్క విప్పింది. పిల్లప్పుడే రెక్క చర్మానికి గుచ్చే నంబరు బిళ్ల ఉంది. బిళ్ల పాతది, వంకరపోయింది. బిళ్ల దూరిన కన్నం మాత్రం ఇంకా పచ్చిగా ఉంది.

“ఇది రంగు బ్రాయిలరు. నాటుకోడని చెప్పి సంతలో అంటగట్టే రకం. మెడ పీకారు. మెడ పీకితే జాతి మారదు. అందుకే బ్రాయిలర్లతోపాటే చచ్చింది” అంది రోజారమణి.

రాజులమ్మ వేలు చాపి ఆ మెడని ముట్టుకుని, కాలినట్టు వెనక్కి తీసుకుంది.

“ఆదివారం ఇంటికొచ్చినప్పుడు సెప్పినాడమ్మా. మా కొండోల ఇటుకల పండక్కని వచ్చి నాలుగు రోజులు మాకాడ ఉండి తిరిగెల్లాడు కదా. ఎల్లేసరికి కోళ్లు ఆయన్ని గుర్తుపట్టడం మానీసినాయంట. దాణా గంట కొట్టినా రాలేదంట. నాను నవ్వినాను. నీ మొకం సూసి బయపడ్డాయేమోలే అన్నాను. ఆయన నవ్వనేదు. డాక్టరుబాబు వొస్తే సెప్తానన్నాడు.”

“పండక్కి వెళ్లిన నాలుగు రోజుల్లో మార్చేశారు” అంది రోజారమణి. “డాక్టరు వస్తే తెలిసిపోతుందని మంగళవారం చంపేశారు. చచ్చిన కోడిని ఎవరూ రెండోసారి చూడరని ధైర్యం. ఇక కొండన్న...”

రాజులమ్మ మొహం చూసి ఆపేసింది.

“ఆయన బతికున్నాడా అమ్మా?”

“బోరు దగ్గరికి వెళ్లి మొహం కడుక్కుని కాస్త నీళ్లు తాగు. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు నువ్వు.”

“నాను అడిగింది సెప్పండి.”

“తెలీదమ్మా. తెలుసుకునే ఇక్కడి నుంచి కదుల్తాను.”

రాజులమ్మ షెడ్డు వెనక బోరు వైపు నడిచింది. రోజారమణి తిరిగి చూసేసరికి మన్మథరావు వరండాలో లేడు. గేటు దగ్గర బైకు ఆగిన చప్పుడు. వచ్చే మనిషి నడక చూడగానే ఆమె గుర్తుపట్టింది.

గోవింద్.

తొమ్మిదేళ్లు ఇద్దరి పేర్లూ ఒకే బోర్డు మీద ఉండేవి. ఏడేళ్ల కిందట ఒక ఉదయం ఆమె ఆఫీసు తలుపు తెరిచేసరికి బోర్డు సగమే ఉంది. తన పేరున్న ముక్కని రంపంతో కోసుకుని వెళ్లిపోయాడు. చీటీ లేదు, మాట లేదు. ఇప్పుడు విశాఖలో పెద్ద ఆఫీసు. ఈ కేసులో డాక్టరు తరఫు మనిషి అతనే.

“అక్కా! ఇంకా మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కి దిగుతున్నావా, లిఫ్టు పెట్టించావా?”

“లిఫ్టు పెట్టిస్తే మీలాంటి పెద్దవాళ్లు వస్తారని భయం.”

అతను నవ్వాడు. బల్ల మీది కోడిని చూసి నవ్వు తగ్గించాడు. “లోపలికి రా, మాట్లాడుకుందాం. ఇక్కడ గోడలకి చెవులున్నాయి.” అతనూ చెప్పులు విడిచి, ఫోను ట్రేలో పడేసి, కాళ్లు ముంచి, వేడిగదిలోకి నడిచాడు. ఆమె వెనకే వెళ్లింది.

“సాయంత్రం ఆరింటికి డాక్టరు వస్తాడు” అన్నాడు గోవింద్ తలుపు దగ్గరగా వేస్తూ. “నా రిపోర్టు తయారు. నిర్లక్ష్యం, తర్వాత పరారీ. నువ్వు ఆ కొండావిడని బస్సెక్కించి ఇంటికి పో అక్కా.”

“ఈ కోళ్లు మార్చినవి.”

“ఎవరన్నారు?”

“ఈకలన్నాయి. కాలి ముళ్లన్నాయి. రెక్క కన్నాలన్నాయి. నువ్వు చూడలేదా?”

“చూశాను. చచ్చిన కోడి చచ్చిన కోడిలాగే ఉంది.”

“రిపోర్టు రాసేముందు ముట్టుకుని చూడాలని నీకు నేర్పించాను.”

“అదే నీ జబ్బు అక్కా. అన్నీ నువ్వే నేర్పించానంటావు. తొమ్మిదేళ్లు ఆ ఇరుకు గదిలో నీ వెనక సంచీ మోశాను.” గోవింద్ గొంతు లేచింది. “సరే, మార్చారనే అనుకో. మన్మథరావు అంత వెర్రివాడా? డాక్టరు గుమ్మంలో నిలబడి చూసినా పట్టేస్తాడే! మెడ ముందు పక్క, గుండెకి కాస్త పైన, బొట్టుబిళ్లంత ఈకల గుత్తి ఉంటుంది ఒక్కొక్కదానికీ. అది చూస్తే చిన్నపిల్లాడైనా గుర్తుపడతాడు. అలాంటివాటిని మార్చి ఎవడు తప్పించుకుంటాడు?”

రోజారమణికి బల్ల మీది పుంజు మెడ గుర్తొచ్చింది.

అతను చెప్పింది నిజమే. బోడిమెడ గుణం తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వస్తే మెడ దాదాపు పూర్తిగా బోసిపోతుంది. ఒక్క వైపు నుంచే వస్తే ముందు పక్క చిన్న గుత్తి మిగిలిపోతుంది. ఈ పిల్లలకి తండ్రి వైపు నుంచే వచ్చింది. అసలు కోళ్లకి గుత్తి ఉండి తీరాలి. మెడలు పీకినవాడికి ఆ సంగతి తట్టలేదు. బోడిమెడ అంటే బోడిగా ఉండాలనుకుని గుత్తితో సహా పీకేశాడు.

“గోవింద్, నువ్వు ఈ ఫారానికి మొదటిసారి ఎప్పుడొచ్చావు?”

“బుధవారం పొద్దున్న. ఎందుకు?”

“అప్పటికి మూడో జాలీ కోళ్లన్నీ చచ్చిపోయాయి. డాక్టరు ఒక్క ఫొటో కూడా తియ్యనివ్వడు. చచ్చినవాటికి గుత్తి లేదు, నేనిప్పుడే చూశాను.” ఆమె ఒక అడుగు ముందుకు వేసింది. “ఆ గుత్తి నువ్వెక్కడ చూశావు?”

గోవింద్ తొమ్మిదేళ్లు పక్కన కూర్చుని పనిచేసిన మనిషి. అబద్ధం వెతుక్కుంటున్నప్పుడు ఎడమచెవి గోక్కుంటాడు. ఇప్పుడు గోక్కున్నాడు.

“అసలు కోళ్లని చూశావు. ఎక్కడున్నాయో నీకు తెలుసు. తెలిసి కూడా కొండన్న మీద రిపోర్టు రాశావు.”

“నిన్న దాణా బస్తాల జాడ పట్టుకుని వెళ్లాను” అన్నాడు చివరికి, నేలకేసి చూస్తూ. “రోలుగుంట దాటాక మెట్ట మీద జీడితోటలో పాత జీడిపిక్కల షెడ్డుంది. అక్కడున్నాయి. పై రాష్ట్రం కంపెనీ ఒకటి వాటిని తీసుకెళ్తోంది. మన్మథరావు నన్ను చూసేశాడు. కంపెనీలో సెక్యూరిటీ మొత్తం నా చేతికిస్తామన్నారు. నలభై ఏడేళ్లొచ్చాయక్కా. ఇంకా ఎన్నాళ్లు ఒకళ్ల గుమ్మం ముందు ఒకళ్లని కాపు కాస్తూ గడపను?”

“కొండన్న?”

“అక్కడే ఉన్నాడు.”

“బతికి?”

“బతికే ఉన్నాడు.”

ఆమె తలుపు వైపు కదిలింది. “పద. ఇప్పుడే వెళ్లి—”

తలుపు దఢేలుమని పూర్తిగా మూసుకుంది. బయట గడియ పడింది. దాని మీద తాళం తిరిగింది.

గోవింద్ ఒక్క గెంతులో వెళ్లి భుజంతో గుద్దాడు. ఇనుము కదల్లేదు. గుండ్రటి అద్దంలో మన్మథరావు మొహం కనబడింది. ఎర్ర ట్రే అతని చంకలో ఉంది. అందులో రెండు ఫోన్లు.

“నాకు మిమ్మల్ని ఏదో చెయ్యాలని లేదండి!” తలుపు అవతల నుంచి గొంతు నీళ్లలోంచి వచ్చినట్టు వినబడింది. “గోవింద్‌గారు నోరు జారారు, నేనేటి సెయ్యను? రోడ్డు మీద చెకింగుల టైము కాకముందే ఆ కోళ్లు జిల్లా దాటిపోవాలండి. ఒక్క లోడు. దాటిపోతే నా పని అయిపోతుంది.”

“మన్మథరావు, తలుపు తియ్!” గోవింద్ అరిచాడు.

మొహం అద్దంలోంచి తప్పుకుంది. ఒక నిమిషం తర్వాత నెత్తి మీద టక్కుమని శబ్దం వచ్చింది. హీటరు తీగలు నల్లగా ఉండి, ఎర్రబడి, నారింజ రంగుకి వచ్చాయి. ఫ్యాను తిరగడం మొదలుపెట్టింది. వేడిగాలి మొహాన కొట్టింది.

“పిచ్చి ఎక్కిందా వీడికి?” అన్నాడు గోవింద్.

“మనం అరవకుండా పడుండాలని” అంది రోజారమణి. “స్విచ్చుల పెట్టె ఆఫీసు గదిలో ఉంది. దానికీ తాళం వేసే ఉంటాడు. చొక్కా కాలరు విప్పు. మెడ మీద గాలి ఆడాలి. కూర్చో, నేల చల్లగా ఉంటుంది.” తన పైట కొంగు మెడ మీద నుంచి తీసి నడుముకి దోపుకుంది. వేడిముల్లు ముప్పై ఆరు చూపిస్తోంది.

“మే నెల. ఈ ఊళ్లో గంటకోసారి కరెంటు పోతుంది కదా. ఇవాళ పోదేం?” అన్నాడు గోవింద్. అతను నవ్వబోయాడు గానీ దగ్గొచ్చింది.

అప్పుడే అద్దంలో మరో మొహం కనబడింది. చెంపల నుంచి నీళ్లు కారుతున్నాయి. బోరు దగ్గర కడుక్కున్న మొహం.

“అమ్మా!” రాజులమ్మ రెండు అరచేతులూ తలుపుకి ఆనించింది. “ఏటయినాదమ్మా? తాళం ఏసీసినాడేటి?”

“అతను నిన్ను చూశాడా?”

“నేదు. తొట్టి ఎనకాల ఉన్నాను. యానులోకి కాళీ గంపలు ఎక్కిస్తన్నాడు.” ఆమె చుట్టూ చూసింది. “రాయి తెస్తానుండండి. తాళం బద్దలుకొట్టీస్తాను. కాదంటే ఆపీసు కిటికీ పగలగొట్టి ఆ కరెంటు ఆపీస్తాను.”

రోజారమణి ‘తొందరగా’ అనబోయింది. నాలుక చివరిదాకా వచ్చింది ఆ మాట. దూరంగా వ్యాను ఇంజను ఒకసారి దగ్గి ఆగింది. మళ్లీ దగ్గింది.

వ్యాను వెళ్లేది జీడితోటకే. కోళ్లు ఎక్కిస్తాడు. కోళ్లతోపాటు కొండన్నని ఏం చేస్తాడు? అంతా తెలిసిన మనిషిని జిల్లా దాటించడు. తోటలో వదిలెయ్యడు. రాయితో తాళం కొట్టడానికి పావుగంట, అరగంట పడుతుంది. వ్యాను పోయాక ఆ షెడ్డు దారి ఎవరికి తెలుసు? ఈ మధ్యాహ్నం వేళ ఇక్కడి నుంచి రోడ్డు మీదకి పరిగెత్తి ఎవరినో బతిమాలి, నమ్మించి, బయల్దేరేసరికి సాయంత్రమవుతుంది.

ఆమె అద్దానికి నోరు దగ్గరగా పెట్టింది.

“రాజులమ్మా, విను. కొండన్న బతికే ఉన్నాడు.”

అవతల మొహంలో ఏ మార్పూ రాలేదు. తర్వాత ఒక్కసారిగా కళ్లు నిండాయి.

“రోలుగుంట అవతల జీడితోటలో, పిక్కల షెడ్డులో ఉంచారు. ఈ వ్యాను అక్కడికే వెళ్తోంది. వెనక గంపల మధ్య దూరు. టార్పాలిన్ కప్పుకో. అక్కడ ఆగగానే మన్మథరావు కంట పడకుండా దిగి, నీ మనిషిని విడిపించుకుని తోటలోంచి పారిపో. ఎవరు కనబడితే వాళ్లకి కేకెయ్యి.”

“మరి మీరు?”

“మాకేం. నేను వేడి సంగతి చదువుకున్నదాన్ని.”

“మిమ్మల్ని ఇలాగ వొగ్గీసి ఎలా ఎల్తానమ్మా? ఆయన కోసం మిమ్మల్ని సంపుకోమంటారా?”

“ఎల్లు” అంది రోజారమణి, రాజులమ్మ మాటలోనే. “బేగి ఎల్లు.”

మూడోసారి ఇంజను అందుకుంది. రాజులమ్మ అద్దం మీద చెయ్యి ఆనించింది. ఇటు వైపు నుంచి రోజారమణి చెయ్యి ఎత్తేలోపలే ఆ చెయ్యి వెళ్లిపోయింది.

గుండ్రటి అద్దంలోంచి గేటు దాకా సన్నటి దారి కనబడుతుంది. వ్యాను కదిలింది. వెనక నుంచి వంగి పరిగెత్తిన మనిషి ఒక చేత్తో చట్రం పట్టుకుని, ఒక కాలు ఎత్తి, కోళ్ల గంపల మధ్యకి జారిపోయింది. టార్పాలిన్ ఒకసారి కదిలింది. గేటు దాటాక ఎర్రదుమ్ము తప్ప ఏమీ కనబడలేదు. ఇంజను చప్పుడు సన్నబడి, రోడ్డు మీది లారీ చప్పుళ్లలో కలిసిపోయింది.

వేడిముల్లు ముప్పై తొమ్మిది దాటింది.

గోవింద్ నేల మీద కూర్చుని, చొక్కా విప్పేసి, నోటితో ఊపిరి పీలుస్తున్నాడు.

“పంపించేశావా?”

“పంపించాను.”

“తాళం కొట్టేది కదక్కా.”

“కొట్టేలోపు వాళ్లు కొండన్నని ఏదో చేసేసేవాళ్లు. అతన్ని కట్టేసిన చోట ఒక్కడినే—”

“ఎవరు కట్టేశారు?”

రోజారమణి అద్దం దగ్గర నుంచి వెనక్కి తిరిగింది.

గోవింద్ తల ఎత్తలేదు. చెమట చుక్కలు గడ్డం మీద నుంచి నేల మీద పడుతున్నాయి. “నువ్వు నన్ను పూర్తిగా చెప్పనివ్వలేదు. నిన్న నేను వెళ్లేసరికి షెడ్డు తలుపు బార్లా తెరిచే ఉంది. తాళం లేదు, తాడు లేదు, కాపలా లేదు. కొండన్న మధ్యలో కూర్చుని ఒక్కొక్క కోడినీ పిలిచి దాణా పెడుతున్నాడు. మన్మథరావు అతనికి కొత్త చొక్కా కొనిచ్చి తనవైపు తిప్పుకున్నాడు. నన్ను చూసి కొండన్న లేచి నిలబడ్డాడు. ‘నాను కనబడ్డానని మా ఆడదానికి సెప్పొద్దు బాబూ’ అని చేతులు జోడించాడక్కా.”